ఖాళీ కండె చెప్పే కబురు: గుండె కండరం తన జన్యువులను తానే నడిపించే తీరు

పొదగేసిన గుడ్డును నాలుగో రోజో ఐదో రోజో రాత్రిపూట మెల్లగా తీసి, ఫోను లైటు మీద నిలబెట్టి చూడడం ఉత్తర తెలంగాణ పల్లెల్లో కోళ్లు పెంచే ఇళ్లకు అలవాటైన పనే. పాత రోజుల్లో దీపపు బుడ్డి, ఆ తర్వాత టార్చిలైటు, ఇప్పుడు ఫోను. పెంకు లోపల సాలెపురుగు కాళ్లలా నలువైపులా పాకిన ఎర్రటి నరాలు, వాటి నడుమ ఒక చుక్క. చుక్క ఎగిరిపడుతుంటే పిల్ల అవుతుంది. నరాలు లేకుండా గుడ్డు తేటగా ఉంటే ఇక దాన్ని కోడి కింద ఉంచి లాభం లేదు. దాదాపు 2,300 ఏళ్ల కిందట అరిస్టాటిల్ కూడా కోడిగుడ్లను పరిశీలించి, మూడు రోజులకు గుండె ఒక నెత్తుటి చుక్కలా కనిపిస్తుందనీ, ప్రాణమున్నదానిలా కదులుతుందనీ రాశాడు.

ఆ చుక్కను తరచి చూస్తే ఒక తిరకాసు కనిపిస్తుంది. కోడిపిల్ల గుండె పొదగేసిన రెండో రోజే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి పిండం ఎంత చిన్నదంటే, దానికి కావలసిన ఆక్సిజన్ చుట్టుపక్కల నుంచి ఊరినట్టుగా లోపలికి చేరిపోగలదు. నెత్తురును తోసి పంపవలసిన అవసరం ఇంకా రాలేదు. మనిషి సంగతీ ఇంచుమించు అంతే. పిండం ఏర్పడిన సుమారు 22వ రోజుకు గుండెలో తొలి కదలిక వస్తుంది. హనుమకొండలో స్కానింగుకు వెళ్లిన దంపతులు ఆరో వారంలో తెర మీద మిణుకుమనే చుక్కను చూసి ఊరట చెందే నాటికి బిడ్డ పొడవు అర సెంటీమీటరుకు అటూఇటుగా ఉంటుంది. నాలుగు గదులు లేవు, కవాటాలు లేవు. ఉన్నదల్లా మెలి తిరుగుతున్న ఒక గొట్టం. ఇల్లు కట్టకముందే కాపురం పెట్టినట్టు, గుండె తయారు కాకముందే పనిలో దిగుతుంది.

ఎందుకింత తొందర? ఆ తొలి కదలికలకు నెత్తురు పంపడం కంటే ముందున్న పని గుండెను కట్టడం. కండరం ముడుచుకుంటేనే, ఆ ముడుచుకోవడంలో పుట్టిన బిగువు కణం నడుమ ఉన్న కేంద్రకం దాకా చేరితేనే, తరువాతి దశకు కావలసిన జన్యువులు తెరుచుకుంటాయి. కండరపు ప్రోటీన్లు జన్యువుల ఆజ్ఞతో తయారై ఊరుకోవు, తిరిగి ఆ జన్యువుల మీదే పెత్తనం చేస్తాయి. బడి పుస్తకాలు ఈ కథలో మొదటి సగమే చెబుతాయి: డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్. గడీలో దొర చెబుతాడు, వాకిట్లో వెట్టివాడు చేస్తాడు. గుండెలో ఈ దొరతనం సాగదు.

సాగదని చూపించిన జీవుల్లో ముందు చెప్పుకోవలసింది అక్వేరియం దుకాణాల్లో దొరికే చారల చేప, జీబ్రా ఫిష్. దాని పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది, గుండె ఒక రోజు వయసుకే కొట్టుకుంటుంది. ఒక రకం లోపమున్న పిల్లల్లో మాత్రం గుండె ఏర్పడుతుంది గానీ ఒక్కసారి కూడా కొట్టుకోదు. పరిశోధకులు దానికి ‘మూగ గుండె’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. లోపం ఏ జన్యువులో ఉందో 2002లో తేలింది. ట్రోపోనిన్-టి అనే కండర ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువది. గుండెపోటు అనుమానంతో వచ్చినవారి నెత్తురులో ఆసుపత్రులు వెతికే ట్రోపోనిన్ కూడా ఈ కుటుంబానిదే. చేపపిల్ల నీటిలోని ఆక్సిజన్‌ను చర్మం ద్వారానే తీసుకోగలదు కాబట్టి, గుండె కొట్టుకోకపోయినా కొన్ని రోజులు బతుకుతుంది. ఎలుకలోనో కోడిలోనో అయితే ఈ ప్రశ్న అడిగేలోపే పిండం చనిపోయేది.

బతికిన ఆ కొద్ది రోజుల్లో కనిపించేదేమిటంటే, మూగ గుండెలో కవాటాలు ఏర్పడవు, గది లోపలి గోడ మీద లేవవలసిన కండరపు దూలాలు లేవవు. కవాటాలు కట్టే జన్యువులలో ఏ తప్పూ లేదు. రాత సరిగ్గానే ఉంది, చదివించేవాడే కరువయ్యాడు. మామూలు చేపలో నెత్తురు గుండె లోపలి పొరను ఒరుసుకుంటూ పోతుంటే ఆ పొర కణాల్లో కేఎల్ఎఫ్2ఎ అనే జన్యువు మేలుకుంటుంది, కవాటం అక్కడ మొలుస్తుంది. మరో బృందం 2003లో ఇంకో దారి పట్టింది. గుండె కండరాన్ని ముట్టుకోకుండా, నెత్తురు వచ్చే దారిలోనో పోయే దారిలోనో అతి చిన్న గాజుపూసను అడ్డం పెట్టింది. అప్పుడూ గుండె సరిగా మెలి తిరగలేదు, కవాటాలు రాలేదు. కాబట్టి కబుర్లు రెండు రకాలు: పారే నెత్తురు ఒరిపిడి ఒకటి, లాగే కండరం బిగువు మరొకటి. మొదటిదాన్ని అర్థం చేసుకోవడం తేలిక, వాగు ఒడ్డును కోసినట్టే. రెండోదానికి కణం లోపలికి దిగాలి.

దిగడానికి వరంగల్ కొత్తవాడ మంచి తోవ. అక్కడి దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు, దాని గుండా అటూఇటూ పోయే పేక. గుండె కండర కణం లోపలా ఇలాగే రెండు రకాల పోగులు ఉంటాయి, కాకపోతే అవి అడ్డంగా అల్లుకోకుండా ఒకదాని సందులోకి ఒకటి జారుతాయి. సన్నవి యాక్టిన్ పోగులు, లావువి మయోసిన్ పోగులు. మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టి లాగితే కణం కురచవుతుంది. ఇలా లాగే ఒక్కో ఘటకం పేరు సార్కోమియర్. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, మిల్లీమీటరులో 500వ వంతు. రెండు సార్కోమియర్ల మధ్య సరిహద్దు గోడ జెడ్ పట్టీ. యాక్టిన్ పోగులు పాతుకునేది అందులోనే. దీన్ని చాలాకాలం వట్టి గోడ అనుకున్నారు. అది తపాలా కార్యాలయం కూడానని తర్వాత బయటపడింది.

ముందు యాక్టిన్ సంగతి. నేతపని ఇళ్లలో ఒకరు కండెలు చుడుతుంటే మరొకరు నేస్తుంటారు. నూలు ఎంత మిగిలిందో తెలియడానికి లెక్కల పుస్తకం అక్కరలేదు. బుట్టలో ఖాళీ కండెలు పెరుగుతుంటే నూలు కావాలని అర్థం. కణం సరిగ్గా ఈ పద్ధతినే పాటిస్తుంది. యాక్టిన్ రెండు రూపాల్లో ఉంటుంది, విడి గింజలుగా ఒకటి, అవే గుచ్చుకుని అయిన పోగుగా మరొకటి. జన్యువులను మేల్కొలిపే ఎంఆర్‌టీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడి గింజలు పట్టి ఉంచి, కేంద్రకంలో నిలవనివ్వవు. కణం మీద లాగుడు పెరిగి గింజలు పోగుల్లో చేరడం మొదలైతే విడివి తగ్గిపోతాయి, పట్టుకునే చేతులు కరువవుతాయి. విడుదలైన ఎంఆర్‌టీఎఫ్ కేంద్రకంలోకి పోయి, అక్కడ డీఎన్ఏ మీద కాచుకుని ఉన్న ఎస్ఆర్‌ఎఫ్ అనే ప్రోటీన్‌తో జతకడుతుంది. రెండు సీ అక్షరాలతో మొదలై రెండు జీ అక్షరాలతో ముగిసే పది అక్షరాల గుర్తు ఏయే జన్యువుల ముందు ఉందో వాటిని ఎస్ఆర్‌ఎఫ్ గుర్తుపడుతుంది. ఆ వరుసలో మొదట నిలిచే జన్యువుల్లో యాక్టిన్‌దీ ఒకటి. లండన్‌లో రిచర్డ్ ట్రీస్‌మన్ బృందం 2003లో ఈ గొలుసును విప్పి చూపింది.

మధ్యలో ఎవరూ తూచలేదు, ఎవరూ చిట్టా రాయలేదు. యాక్టిన్ తన కొరతను తానే చాటుకుంది. ఎలుక గుండెలో ఎస్ఆర్‌ఎఫ్‌ను తొలగిస్తే సార్కోమియర్లు సరిగా కూడవు, పిండ దశలోనే ప్రాణం పోతుంది. గుండె ఎదుగుదల అనే పెద్ద మాట కింద ఇంత సాదా లెక్క ఉండడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన విషయం అనాలి.

యాక్టిన్ కొరతను చెబితే, బిగువును చెప్పేది టైటిన్. మనిషి శరీరంలో ఇంతకంటే పెద్ద ప్రోటీన్ లేదు, సుమారు 34 వేల అమైనో ఆమ్లాల గొలుసు. వాటన్నిటినీ వరుసగా చెబుతూ రసాయన నామం రాస్తే ఇంగ్లీషులో లక్షా 89 వేల అక్షరాలు దాటుతుంది. అష్టోత్తరాలూ సహస్రనామాలూ దీని ముందు దిగదుడుపే. ఒక్క అణువే జెడ్ పట్టీ నుంచి సార్కోమియర్ నడిమి గీత దాకా సాగి ఉంటుంది, స్ప్రింగులా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. కడుపులోని బిడ్డ గుండెలో టైటిన్ పొడవుగా, మెత్తగా ఉంటుంది. పుట్టాక అదే జన్యువు నుంచి కురచైన, బిరుసైన రకం ఎక్కువగా తయారవుతుంది. ఆర్‌బీఎం20 అనే ప్రోటీన్ ఆర్ఎన్ఏలో కొన్ని తునకలను కత్తిరించి పారేయడం వల్ల ఈ మార్పు వస్తుంది.

టైటిన్ నడిమి గీత దగ్గరి కొసలో ఎంజైము పోలికలున్న ఒక మడత ఉంది. లాగుడు పడినప్పుడు అది కొద్దిగా తెరుచుకుంటుంది, దానికి కొన్ని ప్రోటీన్లు అంటిపెట్టుకుని ఉంటాయి. కండరం కదలడం మానేస్తే ఆ గుంపు చెదురుతుంది. అందులోని మర్ఫ్-2 కేంద్రకంలోకి చేరుతుంది, ఎస్ఆర్‌ఎఫ్ అక్కడి నుంచి బయటికి వస్తుంది. యాక్టిన్ కబురుతో పని మొదలుపెట్టిన ఎస్ఆర్‌ఎఫే ఇక్కడ టైటిన్ కబురుతో పని ఆపుతోంది. 2005లో వెలువడిన ఈ ఫలితం చదివినప్పుడు మగ్గం మీద పడుగు వదులైతే నేసేవారి చెయ్యి దానంతట అదే ఆగిపోవడం గుర్తుకు రాక మానదు.

జెడ్ పట్టీ దగ్గర కాపురముండే ఎంఎల్‌పీ లాంటి ప్రోటీన్లు గుండె మీద భారం పెరిగితే కేంద్రకంలోకీ పోతాయి. 1997లో ఎంఎల్‌పీ లేని ఎలుకల గుండె గోడలు సాగిపోయి గదులు ఉబ్బినట్టు చూశారు. డెస్మిన్ తంతువులు జెడ్ పట్టీల నుంచి కేంద్రకపు గోడ దాకా తాళ్లలా పాకి ఉంటాయి, గోడ లోపలి అస్తరు లామిన్. ఈ లామిన్ జన్యువులో లోపమున్న కుటుంబాల్లో గుండె ఉబ్బడం, లయ తప్పడం రెండూ వస్తాయి. అన్నిటికంటే వింతైనది జంక్టోఫిలిన్-2. మామూలు రోజుల్లో కణం పై పొరనూ లోపలి కాల్షియం సంచినీ కలిపి ఉంచే మేకు అది. భారం ఎక్కువైనప్పుడు కాల్పైన్ అనే ఎంజైము దాన్ని కోస్తుంది. తెగిన ముక్క పాడైపోయి చెత్తలో కలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అది నేరుగా కేంద్రకంలోకి వెళ్లి, గుండెకు చేటు చేసే జన్యువుల నోరు మూయిస్తుందని 2018లో వెల్లడైంది. తెగిన తాడే వార్తాహరుడు కావడమన్నమాట.

పుట్టిన తర్వాత కథ మలుపు తిరుగుతుంది. పసిబిడ్డ గుండె సుమారు 20 గ్రాములు, పెద్దవారిది 300 గ్రాములకు అటూఇటూ. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం కొత్త కణాల వల్ల వచ్చేది కాదు, ఉన్న కణాలే లావెక్కుతాయి. ఒక రోజు వయసున్న ఎలుకపిల్ల గుండె కొన కోస్తే తిరిగి పెరుగుతుంది, ఏడు రోజులు నిండాక కోస్తే మచ్చే మిగులుతుందని 2011లో చూపారు. మనిషిలోనూ పాతికేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం గుండె కండర కణాలు మాత్రమే కొత్తవి వస్తాయి, 75 ఏళ్లకు అది అర శాతం కన్నా తగ్గుతుంది. ఆకాశంలో జరిపిన అణుపరీక్షల వల్ల మనుషుల డీఎన్ఏలో చేరిన కార్బన్-14ను కొలిచి 2009లో ఈ లెక్క కట్టారు. బాంబులు చేసిన మేలు ఏదైనా ఉంటే ఇదొక్కటే కావచ్చు.

కణవిభజన ఆగిపోవడం వెనకా కండర ప్రోటీన్ల హస్తం ఉంది. విభజనకు జన్యువులను పురిగొల్పే యాప్ అనే ప్రోటీన్‌ను కణం పొర దగ్గరే కట్టిపడేసే వాటిలో డిస్ట్రోగ్లైకాన్ ఒకటి. డిస్ట్రోఫిన్ కూటమిలో అది భాగం. డిస్ట్రోఫిన్ లోపిస్తే మగపిల్లలకు కండరాలు క్షీణించే డుషేన్ జబ్బు వస్తుంది. కండరానికి ఊతమిచ్చే కూటమే కణం ఇక విభజన చెందకుండా కాపలా కాస్తోంది. నిలకడ కావాలంటే కొత్తదనం వదులుకోవాలన్న బేరం ఏదో ఇక్కడ కుదిరినట్టుంది.

మయోసిన్ వ్యవహారం ఇంకా లోతైనది, ఎందుకంటే అక్కడ కబురు ప్రోటీన్‌లో కాదు, దాని జన్యువు కడుపులోనే దాగి ఉంది. గుండెకు రెండు రకాల మయోసిన్లు: వేగంగా లాగే ఆల్ఫా, నిదానంగా పొదుపుగా లాగే బీటా. రెండింటి జన్యువులూ మనిషిలో 14వ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. ఆల్ఫా జన్యువులో ప్రోటీన్‌కు పనికిరాని తునక ఒకటి ఉంది. దాని నుంచి మిర్-208ఎ అనే మైక్రో ఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్‌గా మారకుండా వేరే జన్యువుల పనిని అదుపు చేసే చిట్టి ఆర్ఎన్ఏ తునక, పుడుతుంది. అమెరికాలో ఎరిక్ ఓల్సన్ బృందం 2007లో దాన్ని ఎలుకల్లో తొలగించింది. ఆ ఎలుకల గుండె మీద ఒత్తిడి పెంచినా గోడ మందం కాలేదు, పెరగవలసిన బీటా మయోసిన్ పెరగలేదు. ఆల్ఫా జన్యువు తన పొరుగు జన్యువు ఎప్పుడు లేవాలో కూడా తానే నిర్ణయిస్తోందన్నమాట. మైక్రో ఆర్ఎన్ఏలను కనుగొన్నందుకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నిమిషానికి 600 సార్ల దాకా కొట్టుకునే ఎలుక గుండెలో, పుట్టాక ఆల్ఫా రకానిదే రాజ్యం. మనిషి జఠరికల్లో, అంటే గుండె కింది గదుల్లో, దాదాపు అంతా బీటానే. ఎలుకలో ‘బీటా పెరిగింది’ అంటే జబ్బు గుర్తు, మనిషిలో అది రోజువారీ స్థితి. ఎలుకల ఫలితాన్ని పట్టుకుని రేపే మందు వచ్చేస్తుందని రాసే వార్తలను అందుకే కొంచెం ఎడంగా పెట్టి చదవాలి.

వరంగల్ ఆసుపత్రుల వరండాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: “గుండె పెద్దదయిందట.” ఎకో రిపోర్టు చేతిలో పట్టుకున్న ఇంటివాళ్లకు ఆ మాటలోని రెండు రకాలు తెలియవు. ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ వల్ల గుండె ఎత్తైన ఒత్తిడికి ఎదురు నెట్టవలసి వస్తే, కణాల్లో సార్కోమియర్లు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. గోడ మందమవుతుంది, గది ఇరుకవుతుంది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం సోకి కవాటం కారుతుంటే, గది నిండా అదనపు నెత్తురు చేరుతుంది. అప్పుడు సార్కోమియర్లు ఒకదాని చివర ఒకటి చేరతాయి. కణం పొడవవుతుంది, గది ఉబ్బుతుంది. దర్రీని వెడల్పు పెంచి నేయడం, పొడవు పెంచి నేయడం లాంటి తేడా ఇది. రెండు సందర్భాల్లోనూ, పిండ దశలో పనిచేసి పడుకున్న జన్యువులు కొన్ని మళ్లీ లేస్తాయి. గుండె తన పసితనపు పాఠాన్ని ముసలితనంలో తిరగేస్తుంది. అప్పుడు పెంచిన పాఠమే ఇప్పుడు ముంచుతుంది, ఎందుకంటే భారం తగ్గదు, కబురు ఆగదు.

గర్భిణుల గుండె, పరుగు పందేలకు సాధన చేసేవారి గుండె కూడా పెరుగుతాయి. అవి మళ్లీ యథాస్థితికి వస్తాయి. తేడా పెరుగుదలలో లేదు, కబురు ఎంతసేపు, ఏ తీరున వచ్చిందన్నదానిలో ఉంది.

కబురే తప్పుడుదైతే? ఆ ప్రశ్న తెలుగువారికి మరీ దగ్గరిది. మయోసిన్ మరీ జోరుగా లాగకుండా కళ్లెం వేసే ప్రోటీన్ ఒకటుంది, మయోసిన్ బైండింగ్ ప్రోటీన్-సి. దాని జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. అందులో 25 అక్షరాలు ఊడిపోయిన రూపం దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో తేలింది. ఆ అధ్యయనంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ ముఖ్యుల్లో ఒకరు. నాలుగు శాతమంటే పాతికమందిలో ఒకరు. ఇంత హానికరమైన లోపం ఇన్ని తరాలు ఎలా నిలిచింది? దానివల్ల వచ్చే గుండె కండరపు జబ్బు సాధారణంగా నడివయసు దాటాక గానీ బయటపడదు, అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారు. పైగా ఈ లోపమున్న ప్రతివారికీ జబ్బు రాదు. మిగతా జన్యువులు, బీపీ, షుగరు అన్నీ కలిస్తేనే గుండె దెబ్బతింటుంది. కుటుంబంలో చిన్న వయసు గుండె వైఫల్యాలో హఠాన్మరణాలో ఉంటే అన్నదమ్ములకూ పిల్లలకూ ఎకో తీయించమని వైద్యులు చెప్పేది ఇలాంటి లోపాలను దృష్టిలో పెట్టుకునే.

కండర ప్రోటీన్ల లోపంతో వచ్చే ఇలాంటి జబ్బులు చాలా వాటిలో గుండె గోడ మందమవుతుంది; దీన్ని బలహీనమైన కండరం పడే అవస్థగా చాలాకాలం వివరించారు. ఆ వివరణ ఇప్పుడు చాలదు. మయోసిన్ లోపాలు చాలా వాటిలో కండరం బలహీనంగా లాగదు, అతిగా లాగుతుంది. అతిగా లాగడమే ‘భారం పెరిగింది, గోడ కట్టండి’ అన్న కబురై కేంద్రకానికి చేరుతుంది. నిజంగా పెరిగిన భారమేమీ లేదు. ఈ వాదనకు గట్టి సాక్ష్యం 2016లో వచ్చింది. మనుషుల్లో కనిపించే మయోసిన్ లోపాలే ఉన్న ఎలుకపిల్లలకు, గుండె గోడ మందం కాకముందే, మయోసిన్ లాగుడును కాస్త తగ్గించే మందు ఇచ్చారు. గోడ మందం కాలేదు. అంతకన్నా ముఖ్యంగా, గోడను మందం చేసే జన్యువులూ, మచ్చ కణజాలాన్ని పెంచే జన్యువులూ తగ్గు స్వరంలోనే ఉండిపోయాయి. మందు తాకింది జన్యువులను కాదు, మయోసిన్‌ను. జన్యువులు విన్న కబురు మారిందంతే.

ఆ మందు మావాకామ్‌టెన్. గోడ మందమై నెత్తురు దారికి అడ్డం వచ్చే రకం జబ్బుకు అమెరికా 2022లో దానికి అనుమతి ఇచ్చింది. మోతాదు ఎక్కువైతే లాగుడు మరీ తగ్గి గుండె నెత్తురును నెట్టలేదు, అందుకే దాన్ని వాడేవారికి ఎప్పటికప్పుడు ఎకో తీసి, మోతాదు సరిచూసి గానీ తరువాతి మాత్రలు రాయరు.